సొంతగడ్డ ఆధిపత్యమే మన జట్టు ఎంపికలోని లోపాలను దాచిపెట్టిందా?

ప్రశ్న: వైట్‌ఫీల్డ్ అభిమాని, బెంగళూరు

2024 అక్టోబరు 17 ఉదయం నేను చిన్నస్వామి స్టేడియంలో ఉన్నాను. న్యూజిలాండ్‌తో తొలి టెస్టు మొదటి రోజు పూర్తిగా వానకు పోయింది, టాస్ కూడా పడలేదు. రెండో రోజు కబ్బన్ పార్క్ దగ్గర మెట్రో దిగేసరికి రోడ్డు ఇంకా తడిగానే ఉంది, పైన మబ్బు కమ్ముకుని ఉంది. మైదానం కింద నీటిని పీల్చే ఏర్పాటు ఉంది కనుక ఆట సమయానికే మొదలవుతుందని పక్క సీటు కన్నడ కుర్రవాడు ధీమాగా చెప్పాడు, అలాగే మొదలైంది. టాస్ గెలిచిన రోహిత్ శర్మ బ్యాటింగ్ ఎంచుకున్నాడు. భోజన విరామానికి 34 పరుగులకు 6 వికెట్లు పోయాయి. విరామం తర్వాత నేను కాఫీ కప్పు పట్టుకుని మెట్లెక్కి వచ్చేలోపే అశ్విన్ పెవిలియన్ వైపు నడుస్తున్నాడు. 46 పరుగులకు ఆలౌట్, అందులో అయిదుగురు సున్నా. సొంతగడ్డపై మన టెస్టు చరిత్రలో అంతకన్నా తక్కువ స్కోరు లేదు.

ఆ రోజు తుది జట్టులో అశ్విన్, జడేజా, కుల్‌దీప్ ముగ్గురూ ఉన్నారు, పేసర్లు ఇద్దరే. మబ్బు పట్టిన బెంగళూరులో, రెండు రోజులు కప్పి ఉంచిన పిచ్‌పై మూడో స్పిన్నర్ ఎందుకన్న ప్రశ్న మా వరుసలో కూర్చున్న వాళ్లందరికీ వచ్చింది. పిచ్‌ను అంచనా వేయడంలో పొరబడ్డానని ఆ సాయంత్రం రోహితే ఒప్పుకున్నాడు. ఆ ఒప్పుకోలును నేను గౌరవిస్తాను. కానీ నా సందేహం ఆ ఒక్క ఉదయానికి సంబంధించినది కాదు.

2013 ఫిబ్రవరిలో చెన్నై చేపాక్‌ మైదానంలో ఆస్ట్రేలియాపై మొదలైన పరంపరలో మనం స్వదేశంలో వరుసగా 18 టెస్టు సిరీస్‌లు గెలిచాం. ఆ పన్నెండేళ్లలో ఇక్కడ ఓడిన టెస్టులు నాలుగే: 2017లో పుణె, 2021లో చెన్నై, 2023లో ఇండోర్, 2024 జనవరిలో హైదరాబాద్. ఈ నాలుగింటిలోనూ ఓటమిని ఒక్క మ్యాచ్ పొరపాటుగా మాత్రమే చూసి, తర్వాతి టెస్టు గెలవగానే మరిచిపోయాం. పుణెలో ఆస్ట్రేలియా స్పిన్నర్ ఓకీఫ్ 12 వికెట్లు తీశాడు, హైదరాబాద్‌లో అరంగేట్రం చేసిన ఇంగ్లండ్ స్పిన్నర్ హార్ట్‌లీ రెండో ఇన్నింగ్స్‌లో 7 వికెట్లు తీశాడు. బంతి మరీ తిరిగే పిచ్ తయారుచేస్తే మన గొప్ప స్పిన్నర్‌కూ, వాళ్ల మామూలు స్పిన్నర్‌కూ మధ్య ఉన్న తేడా తగ్గిపోతుందని అప్పుడే తెలిసి ఉండాలి. బెంగళూరు ఓటమి తర్వాత మళ్లీ పుణెలో అలాంటి పిచ్‌నే ఇచ్చాం. అంతకుముందు టెస్టుల్లో ఒక్కసారి కూడా ఇన్నింగ్స్‌లో అయిదు వికెట్లు తీయని స్పిన్నర్ శాంట్నర్ ఆ మ్యాచ్‌లో 13 తీశాడు. ముంబైలో కూడా ఓడి 3-0తో సిరీస్ అప్పగించాం. ఆ న్యూజిలాండ్ జట్టు శ్రీలంకలో 2-0తో ఓడి, విలియమ్సన్ లేకుండా వచ్చిన జట్టు అన్నది మరింత బాధ.

మా ఆఫీసులో కడప మిత్రుడొకరు, పన్నెండేళ్లలో ఒక్క సిరీస్ పోతే ఇంత గోల ఎందుకని నవ్వేశారు. గెలుస్తున్నన్నాళ్లూ ఎంపికను ప్రశ్నించే అలవాటు పోవడమే ఈ ఓటమికి మూలమని నేను అనుకుంటున్నాను. మీరేమంటారు?


జవాబు: మైలాపూర్ తెలుగువాడు, చెన్నై

మీ బాధ నాకు తెలుసు, అయితే మీరు చెప్పిన జాడ్యం స్వదేశానికే పరిమితం కాదని ముందు చెప్పాలి. 2021లో సౌతాంప్టన్‌లో ప్రపంచ టెస్టు ఛాంపియన్‌షిప్ ఫైనల్‌కు మనవాళ్లు ఆటకు ముందురోజే తుది జట్టును ప్రకటించారు, మర్నాడు వానతో ఒక్క బంతీ పడకపోయినా, టాస్ వరకు మార్చుకునే వీలున్నా, ఇద్దరు స్పిన్నర్ల పథకాన్ని మార్చలేదు. 8 వికెట్ల తేడాతో ఓడాం. దాని నుంచి పాఠం నేర్చుకున్నామా అంటే, నేర్చుకోకూడని పాఠం నేర్చుకున్నాం: 2023లో ఓవల్ ఫైనల్‌కు మబ్బును చూసి, అప్పటికి ప్రపంచ నంబర్‌వన్ టెస్టు బౌలర్‌గా ఉన్న అశ్విన్‌ను పక్కన కూర్చోబెట్టి, 209 పరుగుల తేడాతో ఓడాం. చెన్నైవాడిని కనుక ఈ మాట అంటున్నానని మీరు అనుకుంటే అనుకోండి, అందులో కొంత నిజమే.

ఇక ఒక్క ఇన్నింగ్స్ విలువ ఎంత అన్న ప్రశ్న మీరు అడగలేదు కానీ, అది మీ ప్రశ్న కడుపులోనే ఉంది. 2016 డిసెంబరులో వార్దా తుపాను మా ఊరిని ఊపేసిన వారంలోనే చేపాక్‌లో ఇంగ్లండ్‌తో టెస్టు జరిగింది. వీధి నిండా పడిన చెట్లు ఇంకా తీయలేదు, పిచ్‌ను ఆరబెట్టడానికి నిప్పుల పళ్లేలు పెట్టారు. ఐ, జె, కె స్టాండ్లకు అప్పట్లో తాళాలు వేసి ఉండేవి, ఆ ఖాళీ మెట్లకు ఎదురుగా కూర్చుని నేను కరుణ్ నాయర్ 303 నాటౌట్ చూశాను. సెహ్వాగ్ తర్వాత మనకు త్రిశతకం చేసిన రెండో ఆటగాడు అతనే, జట్టు స్కోరు 7 వికెట్లకు 759. తర్వాతి టెస్టు హైదరాబాద్‌లో. గాయం నుంచి కోలుకున్న రహానే తిరిగి వచ్చాడు, కరుణ్ బయటికి వెళ్లాడు. రహానే రెండేళ్ల శ్రమను ఒక్క మ్యాచ్ తుడిచివేయలేదన్నది అప్పటి కెప్టెన్ వాదన. న్యాయమైన వాదనే. కానీ ఆ తర్వాత కరుణ్‌కు ఎన్ని అవకాశాలు ఇచ్చారన్నది లెక్కపెడితే, ఆస్ట్రేలియాతో మూడు టెస్టుల దగ్గరే వేళ్లు ఆగిపోతాయి. ఎనిమిదేళ్ల తర్వాత 2025లో ఇంగ్లండ్‌లో మళ్లీ ఆడించారు; నాలుగు టెస్టుల్లో 205 పరుగులు, మళ్లీ బయటికి.

మీ స్టేడియంలోనే ఆ 46 పరుగుల టెస్టులో రెండో ఇన్నింగ్స్‌లో సర్ఫరాజ్ ఖాన్ 150 చేశాడు గదా! గిల్ మెడ నొప్పితో తప్పుకోవడం వల్లే అతను ఆడాడు. ఆ తర్వాత నాలుగు ఇన్నింగ్స్‌ల్లో విఫలమయ్యాడు, ఆస్ట్రేలియాకు తీసుకెళ్లి ఒక్క టెస్టూ ఆడించలేదు. గెలుస్తున్న జట్టులో చోటు ఖాళీ ఉండదు, ఓడుతున్న జట్టులో ఓపిక ఉండదు. కుర్రవాడు ఎప్పుడు కుదురుకోవాలి?

ఒక్క విషయంలో మాత్రం మీతో విభేదిస్తాను. పుణె టెస్టుకు ఎంపిక బాగానే జరిగింది. ఢిల్లీపై దేశవాళీ టోర్నీ రంజీలో 152 పరుగులు చేసి వచ్చిన మా వాషింగ్టన్ సుందర్‌ను జట్టులోకి పిలిచారు, అతను మొదటి ఇన్నింగ్స్‌లో 59 పరుగులకు 7, మొత్తం 11 వికెట్లు తీశాడు. అయినా ఓడాం. ఎంపిక సరిగ్గా ఉన్నా బ్యాట్లు పలకకపోతే సెలక్టర్‌ను నిందించి ప్రయోజనం లేదు.


జవాబు: జయనగర్ నాలుగో బ్లాక్, బెంగళూరు

మీ ఇద్దరూ మన జట్టు తప్పులనే చూస్తున్నారు, ఎదుటివాడు ఏం చేశాడో చూడటం లేదు. మా నాన్నగారు చిత్తూరు నుంచి వచ్చి ఈ ఊళ్లో స్థిరపడ్డారు, నాకు క్రికెట్ నేర్పినదీ ఆయనే. 1958-59 నుంచి 1972-73 వరకు బొంబాయి వరుసగా పదిహేనుసార్లు రంజీ గెలిచింది. మా చిన్నతనంలో రంజీ అంటే బొంబాయితో ఓడిపోయేది ఎవరన్న పోటీ మాత్రమే. 1974లో సెమీఫైనల్ మన ఊళ్లో జరిగింది. ప్రసన్న బంతి గావస్కర్ వికెట్లను పడగొట్టినప్పుడు వచ్చిన కేక నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. నిలదొక్కుకున్న వాడేకర్ పరుగు కోసం వెనుదిరగబోతూ కాలు జారి రనౌట్ అయ్యాడు. తొలి ఇన్నింగ్స్ ఆధిక్యంతో కర్ణాటక ఫైనల్‌కు చేరి, రాజస్థాన్‌ను ఓడించి తొలి ట్రోఫీ తెచ్చింది. ఆ ఏడాది బొంబాయి జట్టు ఎంపికలో లోపం ఏమీ లేదు. ప్రసన్న, చంద్రశేఖర్, విశ్వనాథ్, బ్రిజేష్ పటేల్ ఒకే జట్టులో పండి ఉన్నారు, అంతే.

ఎదుటివాడి ఎంపిక ఎలా గెలిపిస్తుందో చూడాలంటే 1987 మార్చి తీసుకోండి. పాకిస్తాన్‌తో అయిదో టెస్టు, ముందు నాలుగూ డ్రా. మొదటి రోజే దుమ్ము లేస్తున్న పిచ్. మణీందర్ 27 పరుగులకు 7 వికెట్లు తీసి వాళ్లను 116కు కూల్చినప్పుడు మ్యాచ్ మనదే అనుకున్నాం. కానీ ఇమ్రాన్ జట్టు ఆ టెస్టుకు అబ్దుల్ ఖాదిర్ అంతటివాణ్ణి పక్కన పెట్టి, ఎడమచేతి స్పిన్నర్ ఇక్బాల్ ఖాసింను ఆడించింది. పేరు చూసి ఎంచలేదు, పిచ్ చూసి ఎంచారు. ఖాసిం 9, తౌసీఫ్ 9 వికెట్లు తీశారు. 221 లక్ష్యంలో గావస్కర్ తన చివరి టెస్టు ఇన్నింగ్స్‌లో 96 చేశాడు, అలాంటి పిచ్‌పై అంతటి బ్యాటింగ్ నేను మళ్లీ చూడలేదు. 16 పరుగులతో ఓడిపోయాం. సిరీస్ పోయింది.

అందువల్ల నా అభిప్రాయం ఏమిటంటే, 2013 నుంచి 2024 వరకు మనకు ఇక్కడ లోటు అయినది సమవుజ్జీ. ప్రత్యర్థులు తమ ఊళ్లో అలవాటైన జట్టునే విమానమెక్కించి తెచ్చారు. న్యూజిలాండ్ అలా చేయలేదు: ఇక్కడ పేసర్లు హెన్రీ, ఓరూర్క్ పనిచేశారు, పుణెలో శాంట్నర్‌ను తెచ్చారు. వైరం ఉన్నచోట అభిమాని కూడా ఎదిగి ఉంటాడు. 1999లో చేపాక్‌లో 12 పరుగులతో ఓడిపోయి కూడా పాకిస్తాన్ జట్టుకు లేచి నిలబడి చప్పట్లు కొట్టినవాళ్లు మన మైలాపూర్ మిత్రుడి ఊరివాళ్లే. ఇప్పుడు ఐపీఎల్‌లో చెన్నై, బెంగళూరు అభిమానులు ఒకరినొకరు తిట్టుకునే తిట్లు చదివితే ఆ ఊళ్లేనా ఇవి అనిపిస్తుంది.


జవాబు: హోసూరు రోడ్డు ప్రయాణికుడు

పెద్దలు క్షమించాలి, నేను సూటిగా అడుగుతాను. ఎంపిక లోపం అని మనం అన్నప్పుడల్లా, మనవాణ్ణి తీసుకోలేదన్న కినుకే లోపల ఉంటుంది కదా? 2019 ప్రపంచకప్‌కు నాలుగో స్థానంలో అంబటి రాయుడును కాదని తమిళనాడు ఆటగాడు విజయ్ శంకర్‌ను ఎంచారు. మూడు విభాగాల్లోనూ పనికొస్తాడన్నది కారణం, దానికి రాయుడు త్రీడీ కళ్లద్దాలు కొన్నానని ట్వీట్ చేయడం మీకు గుర్తుండే ఉంటుంది. అప్పటి ప్రధాన సెలక్టర్ ఎవరు? గుంటూరు వాస్తవ్యుడు ఎమ్మెస్కే ప్రసాద్. దేశంలోని ఒక్కో జోన్‌కు ఒక సెలక్టర్ ఉంటే ఎవరివాణ్ణి వాళ్లు తోస్తారని అంటారు గానీ, ఇక్కడ జరిగింది తలకిందులు. అంతకుముందు 2018లో ఓవల్ టెస్టులో హనుమ విహారి అరంగేట్రం చేసి 56 చేసినప్పుడు నేను మిఠాయిలు పంచాను. ఆ పర్యటన మొదటి నుంచీ జట్టుతో ఉన్న కరుణ్‌ను దాటి, తర్వాత వచ్చిన విహారిని ఆడించారన్న సంగతి ఆ రోజు నా బుర్రకు తట్టనే లేదు.


జవాబు: వైట్‌ఫీల్డ్ అభిమాని (ప్రశ్న వేసినవారు)

అందరికీ ధన్యవాదాలు. జయనగర్ పెద్దాయన గారి మాటతో నా ఆలోచన కొంత మారింది. న్యూజిలాండ్ ఊరిని బట్టి ఆడిందన్నది నేను పట్టించుకోలేదు. హోసూరు రోడ్డు మిత్రుడి చురకకు నా దగ్గర జవాబు లేదు, ఆ మిఠాయిలు నేనూ తిన్నాను.

అయితే సమవుజ్జీ లేకపోవడమే అసలు సంగతి అన్నది పూర్తిగా ఒప్పుకోలేను. ఒక్కసారి దెబ్బతిన్న జట్టు ఎంపిక తీరు మార్చుకుంటుందని మీ వాదన నమ్మితే, 2025 నవంబరులో కోల్‌కతాలో ఏం జరిగిందో చూడండి. దక్షిణాఫ్రికాపై నలుగురు స్పిన్నర్లతో దిగి, వాషింగ్టన్ సుందర్‌ను మూడో స్థానంలో బ్యాటింగ్‌కు పంపాం. 124 పరుగుల లక్ష్యం ముందుంటే, కెప్టెన్ గిల్ మెడ నొప్పితో బ్యాటింగ్‌కు రాలేని స్థితిలో 93 దగ్గర ఆగిపోయాం. హార్మర్ ఆ మ్యాచ్‌లో 8 వికెట్లు తీశాడు. గువాహటిలో మూడో స్థానానికి సాయి సుదర్శన్‌ను తెచ్చారు, 408 పరుగుల తేడాతో ఓడాం. పరుగుల లెక్కలో టెస్టుల్లో మన అతిపెద్ద ఓటమి అది. రెండు టెస్టులకు మూడో స్థానంలో ఇద్దరు మారితే, మైలాపూర్ మిత్రుడు చెప్పిన ఓపిక ఎక్కడ ఉన్నట్టు?

ఒక్క చిన్న విషయం ఆయనను అడగాలి. సుందర్ మీవాడు, సుదర్శన్ కూడా మీవాడే. ఇద్దరిలో ఒక్కరినే మూడో స్థానంలో ఏడాదిపాటు ఉంచాలంటే ఎవరిని ఉంచుతారు?


జవాబు: మైలాపూర్ తెలుగువాడు, చెన్నై

సుదర్శన్‌ను ఉంచుతాను. సుందర్ బ్యాటింగ్ మీద నమ్మకం లేక కాదు, ఇరవై ఓవర్లు వేసి వచ్చినవాణ్ణి కొత్త బంతి ముందు నిలబెట్టడం అన్యాయం కనుక. సుదర్శన్ ఆ ఏడాదిలో మొదటి ఆరు టెస్టుల్లో విఫలమైనా తీయకూడదు. ఏడో టెస్టులో కూడా విఫలమైతే మళ్లీ ఇక్కడికే వచ్చి మాట్లాడుకుందాం, అప్పుడు మీరు నన్ను ఏమన్నా పడతాను.