మణికట్టు ఫ్రాక్చర్లలో తేడా ఎలా తెలుస్తుంది?

ప్రశ్న:
62 ఏళ్ల మా అమ్మగారు గత వారం స్నానాలగదిలో జారి, అరచెయ్యి నేలకు ఆన్చి పడ్డారు. మణికట్టు వంకర తిరిగింది. ఎక్స్‌రే చూసి ‘కోలీస్ ఫ్రాక్చర్’ అని రాసి, ఎముకను సరిచేసి పిండికట్టు వేశారు. రెండేళ్ల క్రితం మా తమ్ముడు బండి మీద నుంచి అలాగే చెయ్యి ఆన్చి పడినప్పుడు మాత్రం ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. నెలన్నర తర్వాత స్కాఫాయిడ్ (మణికట్టులో బొటనవేలి వైపున ఉండే చిన్న ఎముక) విరిగిందని తేలింది. పడిన తీరు ఒకటే అయినప్పుడు ఈ తేడా ఎందుకు?

మొదటి జవాబు (ఎముకల వైద్యుడు):
ఎముక బలంలో తేడా అండి. ఎముకలు గుల్లబారిన పెద్దవయసు స్త్రీలలో ముంజేతిలో బొటనవేలి వైపున ఉండే రేడియస్ ఎముక మణికట్టుకు కాస్త ఎగువన విరిగి, ఆ కొస చేతి వెనక వైపుకు జరగడంతో, పక్క నుంచి చూస్తే బోర్లించిన ఫోర్కులా కనిపిస్తుంది. డబ్లిన్ వైద్యుడు అబ్రహాం కోలీస్ దీన్ని 1814లోనే, అంటే ఎక్స్‌రే రావడానికి 80 ఏళ్లకు పైగా ముందే వర్ణించాడు. మడిచిన చేతి వెనక భాగం నేలకు తగిలితే అదే కొస సాధారణంగా అరచేతి వైపుకు జరుగుతుంది; అది స్మిత్ ఫ్రాక్చర్. చీలిక కీలులోకి పోయి, మణికట్టు చిన్న ఎముకలు కూడా ఆ ముక్కతోపాటు జారితే బార్టన్ అంటారు. దానికి చాలావరకు ప్లేటు వేయక తప్పదు.

రెండవ జవాబు (ఫిజియోథెరపిస్టు):
తమ్ముడి విషయం నేను చెబుతాను. బొటనవేలిని పైకి చాచినప్పుడు దాని మొదట్లో రెండు స్నాయువుల మధ్య చిన్న గుంట పడుతుంది. పడిన తర్వాత అక్కడ నొక్కితే నొప్పి పుట్టినప్పుడు, ఎక్స్‌రే బాగున్నా స్కాఫాయిడ్ విరిగినట్టే భావించి చేతిని కదలకుండా కట్టి, 10 నుంచి 14 రోజులకు మళ్లీ ఎక్స్‌రే గాని, వీలైతే ముందే ఎం.ఆర్.ఐ. గాని తీయాలి. ఈ ఎముకకు రక్తం ఎక్కువగా వేళ్ల వైపు నుంచి ముంజేతి వైపుకు అందుతుంది కనుక, మధ్యలో విరిగితే ముంజేతి వైపు ముక్క అతకకుండా ఎండిపోయే ప్రమాదం ఉంది. మణికట్టు గాయాలలో నన్ను ఎక్కువగా భయపెట్టేది ఇదే.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. అమ్మగారికి నిన్నటి నుంచి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కుతున్నాయి. ఇది మామూలేనా?

మొదటి జవాబిచ్చినవారు:
కాదండి. వాపు వల్లనో, కట్టు బిగుసుకోవడం వల్లనో ఈ వేళ్లకు స్పర్శనిచ్చే మీడియన్ నరం నలుగుతూ ఉండవచ్చు. చేతిని గుండె కంటే ఎత్తులో ఉంచి, రేపటిదాకా ఆగకుండా కట్టు వేసినవారి దగ్గరకు ఇప్పుడే తీసుకువెళ్లండి.