సంక్రాంతి కబడ్డీ ఆపేయాలా? ఆటలో పోటీ పగను చల్లారుస్తుందా, రాజేస్తుందా?

గుండ్లకమ్మ ఒడ్డు:
అందరికీ నమస్కారం. మాది ప్రకాశం జిల్లా, గుండ్లకమ్మ పక్కనే ఊరు. సంక్రాంతికి మా ఊరికీ ఏటి అవతలి ఊరికీ కబడ్డీ జరగడం మా నాన్న కాలం నుంచీ ఆనవాయితీ. రెండేళ్ల కిందట చివరి రైడ్ దగ్గర గొడవయింది. మావాణ్ణి పట్టేశారు. పడుతూ పడుతూ చెయ్యి చాచి మధ్యగీత తాకాడని మేము, కూత తెగాకే తాకాడని వాళ్లు. ఆడేవాళ్లు ఇంకా వాదించుకుంటుండగానే జనంలోంచి రాయి వచ్చి పడింది. ముగ్గురికి తలలు పగిలి ఒంగోలు ఆసుపత్రిలో చేరారు. అప్పట్నుంచి ఆట లేదు. మా మేనత్త కూతుర్ని ఇచ్చింది ఆ ఊరికే. పండక్కి వాళ్లింటికి పోవాలన్నా ఇప్పుడు ఆలోచించాల్సి వస్తోంది.

ఈసారి మళ్లీ పెడదామని కుర్రాళ్లు, వద్దని పెద్దలు. ‘లోపలున్న కోపమంతా కబడ్డీ కోర్టులో పోతే బయట కొట్టుకోరు’ అనేది కుర్రాళ్ల మాట. చిన్నప్పట్నుంచీ నేనూ అదే నమ్మాను. ఆ రాయి చూశాక నమ్మలేకపోతున్నా. మీరేమంటారు?

ఉలవపాడు తోట:
ఆపకూడదన్నా. ఒక్కటి అడుగుతా. ఆట లేని ఈ రెండేళ్లలో రెండు ఊళ్ల మధ్య మాటలు కలిశాయా? కలవలేదని మీరే రాశారు. ఏడాదికోసారి ఎదురుపడే చోటు కూడా తీసేస్తే ఇక కలిసేది ఎప్పుడు? కుర్రాళ్లకు ఒంట్లో వేడి ఉంటుంది. అది ఎక్కడో ఒకచోట పోవాలి. గీతలు గీసిన చోట పోతే మంచిదేగా.

పినాకిని:
నెల్లూరులో సైకాలజీ చెప్పిన అనుభవంతో రాస్తున్నాను. ‘కోపం ఆటలో పోతుంది’ అనే మాట వినడానికి బాగుంటుంది గానీ పరీక్షకు నిలవలేదు. జంతువుల ప్రవర్తన మీద పని చేసిన కొన్రాడ్ లోరెంజ్ లాంటి పెద్దవాళ్లు కూడా ఒకప్పుడు అలాగే అనుకున్నారు. రిచర్డ్ సైప్స్ అనే మానవశాస్త్రజ్ఞుడు దాన్ని సరిచూశాడు. 20 సమాజాలను తీసుకున్నాడు. సగం తరచూ యుద్ధాలకు దిగేవి, సగం శాంతంగా ఉండేవి. ఆ మాట నిజమైతే యుద్ధాలు చేసేవాళ్లకు కొట్లాట లాంటి ఆటలు తక్కువ ఉండాలి. 1973లో ఆయన అచ్చువేసిన ఫలితం దానికి పూర్తిగా ఎదురు. యుద్ధాలు చేసేవాళ్లలోనే అలాంటి ఆటలు ఎక్కువ.

చూసేవాళ్ల సంగతి ఇంకా ముఖ్యం. 1969లో అమెరికాలో సైన్యం జట్టుకూ నౌకాదళం జట్టుకూ జరిగిన ఫుట్‌బాల్ మ్యాచ్ దగ్గర గోల్డ్‌స్టీన్, ఆర్మ్స్ అనే ఇద్దరు పరిశోధకులు ప్రేక్షకులను ఆటకు ముందు, తర్వాత ప్రశ్నించారు. ఆట అయ్యాక కోపం పెరిగింది. ఓడినవైపు వాళ్లకే కాదు, గెలిచినవైపు వాళ్లకూ పెరిగింది. జిమ్నాస్టిక్స్ చూసి వచ్చినవాళ్లలో ఆ పెరుగుదల లేదు. మీ రాయి కోర్టులోంచి రాలేదు, జనంలోంచి వచ్చింది కదా. అందుకే ఇది రాయాలనిపించింది.

త్రిపురాంతకం మాస్టారు:
పినాకిని గారు చెప్పింది సరే గానీ, అసలు పగ ఆటలోనే పుట్టిందా అని కూడా చూడాలి. మాకు పల్నాడు దగ్గరే. కోడిపందెం వల్లే పల్నాటి యుద్ధం వచ్చిందని చిన్నపిల్లలకు కూడా తెలుసు. కారెంపూడిలో వీరులకు ఏటా జరిగే ఉత్సవాల్లో ఒకరోజు పేరే కోడిపోరు. కానీ ఆ కథను నిదానంగా వినండి. నలగాముడు, మలిదేవుడు సవతి తల్లుల బిడ్డలు. రాజ్యం పంపకం దగ్గర చెడింది. నాగమ్మకూ బ్రహ్మనాయుడికీ అంతకుముందే పడదు. కోళ్లు వచ్చింది ఆ తర్వాత. పందెంలో ఓడి ఏడేళ్లు వలస పోయినవాళ్లు గడువు తీరాక తమ భాగం అడిగితే ఇవ్వలేదు. అప్పుడు కత్తులు లేచాయి.

1969లో హోండురాస్, ఎల్ సాల్వడార్ మధ్య వచ్చిన దాన్ని ఫుట్‌బాల్ యుద్ధం అంటారు. ప్రపంచ కప్ అర్హత కోసం జూన్‌లో మూడు మ్యాచ్‌లు ఆడారు, జూలై 14న యుద్ధం మొదలైంది. నాలుగు రోజుల్లో వేలమంది చచ్చిపోయారు, గాయపడ్డారు. కానీ హోండురాస్‌లో సుమారు 3 లక్షల మంది సాల్వడార్ రైతులు, కూలీలు బతుకుతున్నారు. భూసంస్కరణ పేరుతో వాళ్లను నేలమీద నుంచి వెళ్లగొడుతున్నారు. బంతి లేకపోయినా ఆ గొడవ ఉంది. అందుకని బాబూ, నిన్నొక మాట అడుగుతా. ఆ సంక్రాంతికి ముందు మీ రెండు ఊళ్ల మధ్య ఏం నడుస్తోంది?

కావలి పాత రైడర్:
పదిహేనేళ్లు ఆడాను. ఆడేవాడికి కోపం వస్తే మొదట తెగేది కూతే. దమ్ము నిలవదు, కాలు తప్పుతుంది, అవతలివాళ్లు పట్టేస్తారు. అందుకే బాగా ఆడేవాడు కోపాన్ని కోర్టులోకి రానివ్వడు. నన్ను పట్టి నేలకేసి కొట్టినవాడే చెయ్యిచ్చి లేపిన సందర్భాలు ఎన్నో. తాడు బయట నిలబడ్డవాడికి అలసట ఉండదు, దెబ్బ ఉండదు, పందెం డబ్బు మాత్రం ఉంటుంది. కేకలేసి కేకలేసి వాడి రక్తం ఉడుకుతుంది, చేతికి పనుండదు. నేను చూసిన ప్రతి గొడవా అక్కడే మొదలైంది.

స్టోన్‌హౌస్‌పేట:
కావలి అన్నతో నేను ఏకీభవించను. జనాన్ని అంత తీసిపారేయకండి. 1999 జనవరిలో చెపాక్ టెస్టుకు నెల్లూరు నుంచి మేము ఆరుగురం ట్రైన్లో పోయాం. సచిన్ 136 కొట్టి అవుటయ్యాడు. గెలుపు చేతిదాకా వచ్చి పాకిస్తాన్ మీద 12 పరుగులతో ఓడిపోయాం. నాకు ఏడుపొచ్చింది. అంతలో పక్కన ఒక పెద్దాయన లేచి చప్పట్లు కొట్టాడు. చూస్తుండగానే స్టేడియం అంతా లేచింది. పాకిస్తాన్ ఆటగాళ్లు మైదానం చుట్టూ తిరిగి చేతులూపారు. మేమూ ఊపాం. ఇప్పటికీ తలచుకుంటే ఒళ్లు పులకరిస్తుంది. ఆ జనం కూడా జనమేగా.

పినాకిని:
మంచి జ్ఞాపకం పంచుకున్నారు. కానీ తర్వాతి నెల ఏం జరిగిందో కూడా గుర్తు చేసుకోవాలి. అవే రెండు జట్లు కలకత్తాలో ఆడాయి. షోయబ్ అక్తర్ అడ్డు తగలడంతో సచిన్ రనౌట్ అయ్యాడు. అది అన్యాయమని జనం రెచ్చిపోయారు. చివరికి పోలీసులు స్టేడియం ఖాళీ చేయిస్తే ఖాళీ మైదానంలో మ్యాచ్ ముగించారు. చెన్నైలో వాళ్లు మనకన్నా బాగా ఆడి గెలిచారని అందరికీ కనబడింది. కలకత్తాలో మోసపోయామన్న భావన కలిగింది. మీ మధ్యగీత గొడవ కూడా ఈ రెండో రకమే. ఓటమిని మనిషి మింగుకోగలడు, అన్యాయం జరిగిందనుకుంటే మింగుకోలేడు. రెండు ఊళ్లకూ సంబంధం లేని రెఫరీ లేకుండా ఈ ఆట పెట్టకండి.

గుండ్లకమ్మ ఒడ్డు:
మాస్టారూ, మీ ప్రశ్నకు రెండు రోజులు ఆలోచించి జవాబు రాస్తున్నా. ఆ ఏడాది ఏట్లో ఇసుక తోలకం మీద రెండు ఊళ్లకూ పంచాయితీ నడుస్తోంది. పండక్కి వారం ముందే ట్రాక్టర్లు ఆపుకున్నారు. మొదటి పోస్టులో అది రాయలేదు, ఆటకు సంబంధం లేదనుకున్నా. రాయి వేసినవాడు ఇసుక ట్రాక్టర్ ఉన్నవాడే. ఆ రోజు కూత తెగిందా లేదా అన్నది వాడికి పట్టలేదని ఇప్పుడు అర్థమవుతోంది.

పినాకిని:
అయితే ఒక్కటి చెప్పాలి. 1954లో ముజఫర్ షెరీఫ్ అనే సామాజిక శాస్త్రవేత్త ఓక్లహోమాలో 22 మంది పిల్లలను రెండు జట్లు చేసి క్యాంపులో ఉంచాడు. బేస్‌బాల్, తాడులాగుడు పోటీలు పెట్టగానే జెండాలు తగలబెట్టుకునేదాకా పోయారు. ఊరికే పక్కపక్కన కూర్చోబెట్టి అన్నం పెడితే కూడా తగ్గలేదు, తిండి విసురుకున్నారు. నీళ్ల ట్యాంకు చెడినప్పుడు, తిండి తెచ్చే లారీ ఆగిపోయినప్పుడు కలిసి పనిచేయాల్సి వచ్చింది. తాడులాగుడుకు వాడిన తాడునే కట్టి లారీని అందరూ ఒకవైపు నుంచి లాగారు. కోపం తగ్గడం అక్కడ మొదలైంది.

ఉలవపాడు తోట:
అయితే ఊరికీ ఊరికీ కాకుండా పెట్టండన్నా. రెండు ఊళ్లూ కలిపి పెళ్లయినవాళ్లు ఒకపక్క, పెళ్లికానివాళ్లు ఒకపక్క. మా దగ్గర అలా ఆడతారు, చూసేవాళ్లకు మజా ఏమీ తగ్గదు.

త్రిపురాంతకం మాస్టారు:
బాగుంది. ఇసుక సంగతి మాత్రం ఆటకు ముందే కూర్చుని తేల్చుకోండి. ఆటను ఆ పంచాయితీకి తీర్పు కానివ్వొద్దు. ఇంకొకటి. బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్లనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టాడంటారు. వంట కూడా రెండు ఊళ్లవాళ్లే కలిసి చేయండి. పినాకిని గారు చెప్పినట్టు, ఊరికే పక్కన కూర్చుంటే చాలదు.

గుండ్లకమ్మ ఒడ్డు:
ఆదివారం మా మేనత్త కూతురి ఇంటికి పోతున్నా, వాళ్లాయన ద్వారా ఆ ఊరి పెద్దలతో మాట్లాడతా. ముందు ఇసుక, తర్వాత ఆట. రెఫరీ దొరకాలి, అదే టెన్షన్.

కావలి పాత రైడర్:
తేదీ చెప్పు తమ్ముడూ. నాకు ఆ రెండు ఊళ్లలో చుట్టాలెవరూ లేరు. విజిల్ తీసుకుని నేనొస్తా. పందెం కాసేవాళ్లను మాత్రం తాడు దరిదాపుల్లోకి రానివ్వద్దు.