పెద్దవయసు పేషెంట్లకు కాన్యులా: రక్తం కనిపించినా నరం ఉబ్బుతోంది

ప్రశ్న: 20 గేజ్ (సైజు) పింక్ కాన్యులా, అంటే సెలైన్ ఎక్కించడానికి రక్తనాళంలో పెట్టే, లోపల సూది ఉన్న ప్లాస్టిక్ గొట్టం, గుచ్చగానే దాని వెనక ఉండే చాంబర్‌లోకి రక్తం వస్తోంది. కాన్యులా తోస్తే మాత్రం చుట్టూ ఉబ్బుతోంది. ఎక్కడ తేడా?

జవాబు 1: రక్తం కనిపించిందంటే సూది మొన ఒక్కటే నరంలోకి దిగినట్టు. ప్లాస్టిక్ గొట్టం అంచు మొనకు కాస్త వెనక, ఇంకా బయటే ఉంటుంది. కోణం బాగా తగ్గించి, రెండూ కలిపి మరో 2–3 మి.మీ. పోనివ్వండి. ఆ తర్వాత సూదిని కదలనివ్వకుండా గొట్టాన్ని మాత్రమే జరపండి.

జవాబు 2: మామూలు సెలైన్, యాంటీబయాటిక్‌కే అయితే పింక్ దేనికండీ? ఇంకా సన్నని 22 గేజ్ నీలం చాలు. టోర్నికే (నరం పైకి తేలేలా చేతికి కట్టే పట్టీ) మరీ బిగిస్తే పెళుసు నరం చిట్లుతుంది. చర్మాన్ని కిందికి లాగి పట్టండి.

జవాబు 3: వెనక్కి తీసిన సూదిని మళ్లీ గొట్టంలోకి దూర్చొద్దు, గొట్టం తెగి ముక్క రక్తంలో కొట్టుకుపోవచ్చు. టోర్నికే విప్పాకే సూది పూర్తిగా తీయండి. 5 మి.లీ. నార్మల్ సెలైన్‌ను గొట్టంలోకి తోసి ఫ్లష్ చేసేటప్పుడు వాపొస్తే ఆపేసి, కాన్యులా తీసి వేరేచోట పెట్టండి.