సమస్యాపూరణం: ఓడలెక్కెను గొండపై నొకటొకటిగ

నిర్వాహకులు
ఈ వారం ఇస్తున్నది తేటగీతి చివరి పాదం:

*ఓడలెక్కెను గొండపై నొకటొకటిగ*

పూరణ ఇస్తాంబుల్ నగరం గురించి ఉండాలి. ఓడలు బండ్లవడం, బండ్లు ఓడలవడం అనే సామెతను దయచేసి పద్యంలోకి లాగవద్దు. అందరికీ ముందు తట్టేది అదే.

కృష్ణాతీరం
“ఎక్కెను కొండపై” అని ఉండాలి కదండీ? అచ్చుతప్పా?

నిర్వాహకులు
కాదండీ. “ఎక్కెను” ద్రుతాంతం, అంటే చివర నకారం (ద్రుతం) ఉన్న మాట. దాని మీద పరుషం సరళమవుతుంది కాబట్టి “గొండ”.

లెక్కలమాస్టారు
నా పూరణ:

కొమ్ము నోటను గొలుసడ్డు గూర్చి రనుచు
దుంగలకు జిడ్డు బూసి యెద్దులను గట్టి
నిరువదొక్కేండ్ల దొర చెప్ప నింతలోన
నోడలెక్కెను గొండపై నొకటొకటిగ

కొమ్ము అంటే బంగారు కొమ్ము, నగరానికి ఉత్తరాన ఉన్న సన్నని సముద్రపు పాయ. తురుష్కులు దాన్ని హలీచ్ అంటారు. శత్రువుల ఓడలు లోపలికి రాకుండా బైజాంటియన్లు (అప్పటి నగర పాలకులు, తూర్పు రోమనులు) దాని నోటికి ఇనుప గొలుసు కట్టారు. తురుష్క (ఆటోమన్) సుల్తాను రెండో మెహ్మెద్ ఆ గొలుసును ఛేదించలేకపోయాడు. 1453 ఏప్రిల్ 22న సుమారు డెబ్బై ఓడలను పాయకు అవతలి గట్టున ఉన్న గలాటా వెనుక గుట్ట మీదుగా ఈడ్పించి పాయలోకి దింపించాడు. అప్పటికి అతనికి ఇరవై ఒక్క ఏళ్ళు. సమస్యలో అసంగతం ఏమీ లేదు, చరిత్రే అసంగతంగా ఉంది!

నిర్వాహకులు
మాస్టారూ, భావం బాగుంది, గణాలూ యతులూ సరిపోయాయి. “దుంగలకు”, “ఎద్దులను” మధ్య యతి ముచ్చటగా పడింది. ఇబ్బందల్లా రెండో పాదం చివర. “గట్టి” క్త్వార్థకం (చేసి, కట్టి లాంటి అసమాపక క్రియ). అలా చదివితే ఓడలే దుంగలకు జిడ్డు పూసి, ఎద్దులను కట్టి, కొండ ఎక్కినట్లు వస్తుంది. పైగా క్త్వార్థకం మీద ద్రుతం రాదు కాబట్టి “నిరువది” కుదరదు, “యిరువది” కావాలి. “గట్టి”ని “గట్ట” చేయండి. కర్త వేరని తెలుస్తుంది, “నిరువది” కూడా నిలుస్తుంది. ఒక్క గుడి తీసేస్తే రెండు దోషాలూ పోతాయి.

లెక్కలమాస్టారు
ముప్పై ఏళ్ళు పిల్లల లెక్కలు దిద్దినవాణ్ణి, నా గుడి నాకే కనబడలేదు. సవరించుకున్నాను.

కృష్ణాతీరం
చిన్న మాట, మాస్టారూ. ఆ ఓడల వల్లే నగరం పడిపోయిందనుకోకూడదు. అవి లోపలికి రావడంతో పాయ వైపు గోడకు కూడా కాపలా పెట్టవలసి వచ్చింది, అసలే కొద్దిమంది ఉన్న సైన్యం ఇంకా పలచబడింది. నగరం చేజారింది మే 29న, పడమటి గోడల దగ్గర.

పాలపిట్ట
నేను కొత్తదాన్ని, తప్పులుంటే మన్నించండి.

రైలు దారిని ద్రవ్వగ రాశి వడిన
మట్టి గుట్టయే కొండగా మారె నిచట
ముప్పదేడును వెలివచ్చి ముచ్చటగను
ఓడలెక్కెను గొండపై నొకటొకటిగ

ఇస్తాంబుల్‌లో బోస్ఫరస్ జలసంధి కింద రైలు కోసం యెనికాపి దగ్గర తవ్వితే థియొడోసియస్ రేవు బయటపడింది. అందులో బైజాంటియన్ల కాలపు ఓడలు ముప్పై ఏడు! పురావస్తు తవ్వకాల వల్ల రైలు ఆలస్యమై 2013లో గాని మొదలు కాలేదు.

నిర్వాహకులు
అమ్మా, కొత్తవారని ఎవరంటారు? రై–రా యతి చాలామంది తప్పుతారు, మీరు తప్పలేదు. అయితే “ముచ్చటగను” పాదం నింపడానికి వచ్చిన మాట. దాని తర్వాత “ఓడలు” విసంధి (సంధి చేయకుండా వదిలేయడం) కూడా. “ముసర జనత” అంటే జనం మూగినట్లూ ఉంటుంది, “యోడలెక్కెను” అని యడాగమంతో అతుకుతుంది.

లెక్కలమాస్టారు
కల్పనకు అడ్డు చెప్పను గాని, ఆ ఓడలు గుట్ట ఎక్కలేదమ్మా, తొట్లలోకి దిగాయి. వందల ఏళ్ళు తడిమట్టిలో ఉన్న చెక్క గాలికి ఎండితే ముడుచుకుని పగిలిపోతుంది. అందుకని పలక పలకా విడదీసి మంచినీళ్ళలో నానబెట్టారు.

పాలపిట్ట
ఊరగాయ పెట్టినట్లు! అది కూడా ఒక పద్యానికి పనికొస్తుంది.

కృష్ణాతీరం
నేను అడ్డదారి తొక్కాను. క్రమాలంకారం:

ఏవి జలసంధి దాటించు? నేమి సేసె
గోడపై బిల్లి? గుమ్మటాల్ గూడె నెచట?
ఎటుల మూడు సామ్రాజ్యము లేగె ననిన
నోడలెక్కెను గొండపై నొకటొకటిగ

నాలుగు ప్రశ్నలకు వరుసగా నాలుగు జవాబులు: ఓడలు, ఎక్కెను, కొండపై, ఒకటొకటిగ.

నిర్వాహకులు
భేష్! సమస్యను విరిచి పంచిపెట్టారు. ఇక్కడ ఓడ కొండ ఎక్కవలసిన పనే లేదు. పిల్లి ఆ ఊరికి ఎంత సహజమో, ఆయాసోఫియా అనే ప్రాచీన కట్టడంలో ఉండే గ్లీ అనే పిల్లి 2020లో చనిపోతే దేశదేశాల పత్రికలు రాశాయి. గుమ్మటాలూ అంతే, సులేమానియే మసీదు ఉన్నది ఆ నగరపు ఏడు కొండల్లో మూడోదాని మీద. “గుమ్మటాల్” పొల్లు చెవికి కొంచెం కటువుగా ఉంది, అయినా పట్టుబట్టను.

లెక్కలమాస్టారు
సామ్రాజ్యాలు మూడా? రోమను, ఆటోమన్ రెండే కదా?

కృష్ణాతీరం
నడుమ లాటిన్‌వాళ్ళు ఉన్నారండీ, 1204 నుంచి 1261 దాకా. జెరూసలేముకని బయలుదేరిన క్రైస్తవ సైన్యం తోటి క్రైస్తవుల ఊరినే దోచుకుని గద్దె ఎక్కింది. వెనిస్‌లోని సెయింట్ మార్క్ చర్చి కంచు గుర్రాలు ఇక్కడి నుంచి పట్టుకెళ్ళినవే. మాస్టారి గొలుసుకూ అప్పుడే మచ్చ పడింది, ముందటి ఏడు వాళ్ళు గలాటా బురుజును పట్టుకుని దాన్ని తెంచారు.

పాలపిట్ట
ఎక్కడి ఊరో మనకెందుకని మా ఇంట్లో అడిగారు. హైదరాబాదులో నీలోఫర్ ఆస్పత్రి పేరు చెప్పాను. ఆ నీలోఫర్ ఇస్తాంబుల్‌లో పుట్టిన ఆటోమన్ రాజవంశపు పిల్ల. 1931లో నిజాం రెండో కొడుకును పెళ్ళాడింది. తోడికోడలు దుర్రుషెహ్వార్ చివరి ఖలీఫా కూతురు.

లెక్కలమాస్టారు
అయితే ఇంకో పద్యం ఉంది. ఒక పాదం ఇప్పుడే కుదిరింది:

నీలుఫరు పుట్టె నచ్చోట, నిలిచె నిచట

రెండో పాదానికి యతి చిక్కడం లేదు. ఎవరైనా అందుకోండి.