వాన లెక్కలంటే ప్రాణమైన నాన్నకు ఏం కానుక ఇవ్వాలి?

ధర్మవరం అమ్మాయి:
మా నాన్న వచ్చే నెల రిటైర్ అవుతున్నాడు. పొద్దున లేస్తే ముందు మిద్దె ఎక్కి మబ్బు ఏ దిక్కున ఉందో చూస్తాడు. బంగాళాఖాతంలో అల్పపీడనం అని టీవీలో వస్తే ఇక ఇంట్లో ఎవరూ మాట్లాడకూడదు. సాయంత్రం ఉరిమితే చాలు, ముదిగుబ్బలో ఉన్న చిన్నాన్నకు ఫోన్ చేసి "మీ పక్క పడిందా?" అని అడుగుతాడు. శాలువా, వాచీ ఇవ్వడం నాకిష్టం లేదు. రోజూ వాడుకునేది కావాలి. ఆన్‌లైన్‌లో ఒక గాజుబుడ్డి చూశాను, రేపటి వాతావరణం ముందే చెబుతుందంట. తీసుకోవచ్చా? ఐదు వేల లోపు ఏదైనా పర్వాలేదు.

కడప మబ్బు:
చెల్లీ, అది స్టార్మ్ గ్లాస్. లోపల కర్పూరం, ఆల్కహాల్, కొన్ని లవణాలు కలిపిన ద్రవం ఉంటుంది. చల్లబడితే పలుకులు కడతాయి, వేడెక్కితే కరుగుతాయి. అంటే అది చూపించేది ముఖ్యంగా గదిలో చలీ వేడీ, రేపటి వాన కాదు. మన ఎండాకాలంలో అయితే అందులో చూడటానికి ఏమీ మిగలదు. మీ నాన్నగారు దాన్ని నాలుగు రోజులు గమనిస్తే విషయం ఆయనకే తెలిసిపోతుంది. వద్దు.

కళ్యాణదుర్గం చేను:
వాన కొలిచే రెయిన్‌గేజ్ కొనివ్వు తల్లీ. ఇంకో ఆలోచన అక్కర్లేదు.

ఉమ్మడి అనంతపురం జిల్లాకు ఏడాదికి పడేదే సుమారు 550 మిల్లీమీటర్లు. నైరుతి మబ్బులు పడమటి కనుమల మీదే కురిసేసి వస్తాయి, ఈశాన్యం వాన కోస్తాలోనే చాలావరకు అయిపోతుంది. మనకు మిగిలేది సాయంత్రం ఉరుముల వానలు. అవి ఒక ఊళ్లో చెరువు నింపి పక్క ఊరికి చుక్క కూడా ఇవ్వవు. మండలం లెక్క 20 మిల్లీమీటర్లని పేపర్లో వస్తుంది, మా చేలో చూస్తే 4 ఉంటుంది. చెనక్కాయ ఊడలు దిగేటప్పుడు ఈ తేడానే పంట తేడా. మా అబ్బాయి గేజ్ తెచ్చిచ్చినప్పటి నుంచి మా లెక్క మాకుంది. ఇంట్లో ఏ వస్తువు మీదా నాకింత మమకారం లేదు.

కొనేటప్పుడు ఒకటి చూసుకో. పైన గరాటు మూతి వైశాల్యం, దాంతో ఇచ్చే కొలత గ్లాసు ఒకదానికొకటి సరిపోవాలి. మూతి 200 చదరపు సెంటీమీటర్లయితే 20 మిల్లీలీటర్ల నీళ్లు ఒక మిల్లీమీటర్ వాన. మూతి 100 అయితే 10 మిల్లీలీటర్లే. కొందరు అమ్మేవాళ్లు ఒకదాని గ్లాసు ఇంకోదానితో పంపిస్తారు. అప్పుడు ఉన్న వాన సగమో రెట్టింపో అవుతుంది.

పొద్దున ఎనిమిదిన్నరకు చూడమను. వాతావరణ శాఖ రోజు లెక్క కట్టేది ఆ టైముకే. రెండున్నర మిల్లీమీటర్లు పడితేనే వాళ్లు దాన్ని వాన రోజు అంటారు. ఆయన అంకె వాళ్ల అంకె పక్కన పెట్టుకోవచ్చు.

గుత్తి కోట:
పైన అన్న చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. గేజ్ ఇంట్లో ఉన్నవాళ్లకు తర్వాతి కానుకగా గాలి పీడనం కొలిచే బారోమీటర్ చెబుతాను. గోడకు తగిలించే ఇత్తడి డయల్‌వి బాగుంటాయి. కానీ వాటి మీద వర్షం, తుఫాను అని అచ్చేసిన మాటలు ఐరోపా వాతావరణం కోసం రాసినవి. అనంతపురం సముద్రమట్టానికి దాదాపు 350 మీటర్ల ఎత్తులో ఉంది. ఇక్కడ పీడనం సముద్రమట్టం కంటే 40 మిల్లీబార్ల దాకా తక్కువ. వెనక ఉండే స్క్రూ తిప్పి సరిచేయకపోతే ముల్లు ఏడాదంతా తుఫాను దగ్గరే ఉంటుంది.

ఇంకో సంగతి నాకు చాలా ఇష్టం. ఆకాశంలో మబ్బు లేకపోయినా మన దగ్గర ముల్లు రోజూ కదులుతుంది. పొద్దున పది ప్రాంతంలో పైకి, సాయంత్రం నాలుగుకు మూడు నాలుగు మిల్లీబార్లు కిందికి, మళ్లీ రాత్రి పదికి పైకి. ఎండకు గాలి పొర వేడెక్కి చల్లబడటంతో వచ్చే ఆటుపోటు అది. దాన్ని కళ్లతో చూశాక మీ నాన్నగారు ఆ డయల్ ముందు నుంచి కదలరు. ఈ లయ తప్పి ముల్లు రోజంతా కిందికే పోతోందంటే బంగాళాఖాతంలో ఏదో ఉన్నట్టే, శాటిలైట్ బొమ్మ తెరిచి చూడాల్సిందే.

హంద్రీ ఒడ్డు, కర్నూలు:
మా మామయ్యది వేరే కథ. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు మునిగింది కదా, మామయ్య ఇల్లు కూడా పోయినంత పనైంది. అప్పటి నుంచి ఆయనకు మా ఊరి వాన కంటే ఎగువన కర్ణాటకలో పడే వాన మీదే ధ్యాస. తుంగ ఎక్కడ పుట్టింది, వేదవతి ఎక్కడ కలుస్తుంది, డ్యాములు ఎక్కడెక్కడ ఉన్నాయి, ఇవన్నీ ఉన్న పెద్ద మ్యాపు ప్రింట్ తీయించి లామినేషన్ చేయించి ఇచ్చాం. పెన్నుతో రాసి తుడుచుకుంటాడు. శివమొగ్గలో ఎంత, హోసపేట డ్యాము నుంచి ఎంత వదిలారు, అన్నీ దాని మీదే. మీకు పెన్నా, చిత్రావతిలతో అలాంటిది చేయించొచ్చు. ఖర్చు తక్కువ.

కొత్త ఇంజనీర్:
వైఫై ఉన్న డిజిటల్ వెదర్ స్టేషన్ ఆలోచించారా? గాలి వేగం, తేమ అన్నీ ఫోన్లోకి వస్తాయి.

గుత్తి కోట:
మంచివే తమ్ముడూ, కానీ ఐదు వేలలో నమ్మదగినది దొరకడం కష్టం. పైగా వాన కొలిచే చిన్న తొట్టిలో మన దుమ్ము చేరితే లెక్క తప్పుతుంది. మృగశిరకు ముందు ఎవరో ఒకరు మిద్దె ఎక్కి కడగాలి.

పెనుకొండ అవ్వ మనవరాలు:
అక్కా, గేజ్‌తో పాటు ఒక పుస్తకం కుట్టించి ఇవ్వండి. ప్రెస్సులో చెబితే గడులు వేసి బైండింగ్ చేస్తారు. తేదీ, వాన, గాలి దిక్కు, మబ్బు, కార్తె. కార్తె గడి తప్పకుండా పెట్టించండి. "ఉత్తర చూసి ఎత్తర గంప" అని మా అవ్వ ప్రతి ఏడూ అనేది. ఉత్తర కార్తెలో కూడా వాన లేకపోతే ఊరు వదిలిపోవాల్సిందేనని. మా ఊళ్లో ఏ ఉత్తరలో ఎంత పడిందో రాసిపెట్టినవాళ్లు ఒక్కరూ లేరు. మీ నాన్న రాస్తే ఊరికే ఉపయోగం.

ఇంకొకటి, మిద్దె ఎక్కే అలవాటన్నారు కాబట్టి. ఫోన్లో దామిని యాప్ వేసివ్వండి. పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం చేసింది, ఉచితం. 20, 40 కిలోమీటర్ల లోపు పిడుగులు పడుతుంటే హెచ్చరిస్తుంది. ఉరుము వినబడిందంటే ఎంత ఇష్టమైన మబ్బయినా కిందికి దిగి చూడాల్సిందేనని గట్టిగా చెప్పండి.

ధర్మవరం అమ్మాయి:
అందరికీ చాలా థాంక్స్. గేజ్, పుస్తకం ఖాయం. దామిని ఈరోజే వేశాను. మాది చిన్న పెరడు, ఒక మూల వేపచెట్టు ఉంది. గేజ్ మిద్దె మీద పెట్టొచ్చా? ఆయన ఊరెళ్తే లెక్క ఎలా?

కళ్యాణదుర్గం చేను:
పెరడే మేలు తల్లీ. చెట్టు, గోడ ఎంత ఎత్తుంటే దానికి రెండింతల దూరం ఉండాలి, మూతి నేలకు ఒక అడుగు ఎత్తులో ఉండాలి. అంత చోటు లేకపోతే మిద్దె మధ్యలో పెట్టు, పిట్టగోడ పక్కన గాలి సుడి తిరిగి చినుకుల్ని పక్కకు తోసేస్తుంది. ఊరెళ్లేటప్పుడు లోపలి సీసాలో నాలుగు చుక్కల నూనె వేసి వెళ్లమను, నీళ్లు ఆవిరైపోవు. వచ్చాక కొలిచి, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా అని మొత్తం ఒకే గడిలో రాయాలి. రోజులకు పంచి రాయకూడదు.