కొడాక్రోమ్ మళ్లీ రావాలని కోరడం సమంజసమేనా?

స్లైడ్‌పెట్టె:
2012లో ఆపేసిన ఎక్టాక్రోమ్ స్లైడ్ ఫిల్మును (ప్రొజెక్టర్‌తో చూసే రంగుల ఫిల్మును) కొడాక్ సంస్థ 2018లో తిరిగి అమ్మకానికి తెచ్చింది. ఆ భాగ్యం అదే సంస్థ చేసిన మరో స్లైడ్ ఫిల్ము కొడాక్రోమ్‌కు ఎందుకు దక్కకూడదు? 1953లో ఎవరెస్టు శిఖరం మీద నిలిచిన టెన్సింగ్‌ను హిల్లరీ ఫొటో తీసింది ఈ ఫిల్ము మీదే; 1984లో పెషావర్ సమీపంలోని శరణార్థి శిబిరంలో అమెరికన్ ఫొటోగ్రాఫర్ స్టీవ్ మెకరీ తీసిన ఆకుపచ్చ కళ్ల అఫ్ఘాన్ బాలిక చిత్రమూ దీని మీదిదే. 1935 నాటి ఫిల్మును 2009 జూన్‌లో ఆపివేయడం కేవలం జమాఖర్చులు చూసి చేసిన పని అనీ, దానిని ఇప్పటికైనా సరిదిద్దుకోవచ్చుననీ నా అభిప్రాయం.

చీకటిగది:
స్లైడ్‌పెట్టె గారు రెండు ఫిల్ములనూ ఒకే గాటన కట్టారు. చిక్కంతా అక్కడే ఉంది. ఎక్టాక్రోమ్ పొరల్లో రంగునిచ్చే కప్లర్లు అనే రసాయనాలు ముందే కలిసి ఉంటాయి కనుక, దానిని ఈ-6 అనే కడుగుడు పద్ధతిలో చిన్న ల్యాబులోనైనా, ఓపిక ఉంటే ఇంటి స్నానాల గదిలోనైనా కడుక్కోవచ్చు. కొడాక్రోమ్‌లో ఉండేవి మూడు నలుపు-తెలుపు పొరలే. రంగు కడిగేటప్పుడు పుడుతుంది. కె-14 అనే ఆ పద్ధతిలో మొదటి డెవలపర్ (బొమ్మను తేల్చే ద్రావణం) అయ్యాక, అడుగువైపు నుంచి ఎర్రని కాంతి చూపి సయాన్‌నూ (ఆకుపచ్చ కలిసిన నీలం), పైవైపు నుంచి నీలికాంతి చూపి పసుపునూ, మిగిలిన పొరను రసాయనంతోనే మేల్కొలిపి మెజెంటానూ (ఊదా కలిసిన గులాబీ) రప్పించాలి. ఒక్కో రంగుకు ఒక్కో డెవలపర్. వేడిలోనో ద్రావణాల పాళ్లలోనో కొంచెం తేడా వచ్చినా రంగు దారి తప్పుతుంది కనుక, పరీక్షించే రసాయన నిపుణుడు యంత్రం పక్కనే ఉండాలి. చాలినన్ని రీళ్లు వస్తూ ఉంటేనే అది నిలకడగా నడుస్తుంది. చివరికి ప్రపంచం మొత్తానికి కాన్సస్‌లోని పార్సన్స్ అనే చిన్న ఊళ్లో డ్వేన్స్ ఫొటో ఒక్కటే మిగిలి, అదీ 2010 డిసెంబరు 30తో రీళ్లు తీసుకోవడం మానేసింది. ఫిల్మును మళ్లీ పోత పోయవచ్చునేమో గాని, ఆ కడుగుడు వ్యవస్థను ఎవరు నిలబెడతారు?

స్లైడ్‌పెట్టె:
కష్టమని ఒప్పుకుంటాను, అసాధ్యమని ఒప్పుకోను. ఆ సాధ్యాసాధ్యాలను పరిశీలిస్తున్నామని 2017లో కొడాక్ అధికారి ఒకరు బహిరంగంగానే చెప్పారు. పైగా చీకట్లో భద్రపరిచిన కొడాక్రోమ్ స్లైడ్లు ఎంత చెక్కుచెదరకుండా ఉంటాయో చూడాలంటే, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్న 1940ల నాటి అమెరికా పల్లెల చిత్రాలు చాలు.

పగటివెలుగు:
చీకట్లో ఉన్నంతవరకు ఆ మాట నిజమే. ప్రొజెక్టర్ వెలుగులో పదే పదే చూస్తే మాత్రం ఇతర స్లైడ్ ఫిల్ముల కన్నా త్వరగా వెలిసిపోయేది. నా సందేహం వేరు. మనం మెచ్చుకుంటున్నది ఫిల్మునా, దానిని వాడినవారి ఓర్పునా? 25, 64 వంటి తక్కువ వేగంతో (అంటే ఎక్కువ వెలుగు కోరే), ఎక్స్‌పోజర్ అర స్టాపు, అంటే పడే వెలుగు కొద్దిగా, తప్పినా క్షమించని ఫిల్ముతో పనిచేసినవారికి తగిన వెలుగు కోసం కాచుకొని ఉండడం తప్పేది కాదు. కాశీ ఘాట్లనూ, అంబాసిడర్ కారు కిటికీలోంచి దారులనూ ఈ ఫిల్ము మీద తీసిన ఫొటోగ్రాఫర్ రఘుబీర్ సింగ్ చిత్రాల్లో నన్ను ఆపేది ఫిల్ము ఇచ్చిన ఎరుపు కాదు. కిక్కిరిసిన ఫ్రేములో ప్రతి మనిషికీ దక్కిన చోటు. మెకరీ చేతికి వచ్చిన ఆఖరి 36 ఫ్రేముల కొడాక్రోమ్ రీలు ముంబయి సినీతారలనూ రాజస్థాన్‌లోని పశుపోషకులైన రబారీలనూ చుట్టివచ్చి పార్సన్స్‌లోనే ముగిసింది. వాటిని ఆయన డిజిటల్ చిత్రాల పక్కన పెడితే, కడిగిన ల్యాబు పేరు చెప్పకుండా తేడా పట్టగలవారు ఎందరుంటారు? నేను పట్టలేను.

చీకటిగది:
పగటివెలుగు గారి తీర్పు కాస్త కఠినం. తేడా ఉంది, పట్టవచ్చు. అయితే ఆచరణలో జరిగేది ఇది. మా మేనమామ గారి బీరువాలో 2013లో ఒక కొడాక్రోమ్ 64 రీలు దొరికింది, తీసి కడిగించకుండా వదిలేసినది. ఒక ల్యాబువారు దానిని నలుపు-తెలుపులోనే కడిగి ఇవ్వగలిగారు. అత్తయ్య కట్టుకున్న చీర ఏ రంగుదో మామయ్యకు గుర్తు లేదు. అత్తయ్య మాత్రం నెమలికంఠం రంగేనని ఇప్పటికీ వాదిస్తుంది.