ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ఎక్కించడానికి ఏ చిప్ ఉన్న రౌటర్ కొనాలి?

మిర్యాలగూడ_మిల్లు:
మిల్లు ఆఫీసులో 200 ఎంబీపీఎస్ ఫైబర్ ఉంది. కెమెరాల ఫుటేజీ క్లౌడ్‌కి ఎక్కడం మొదలైందంటే చాలు, వాట్సాప్ కాల్ ముక్కలు ముక్కలుగా వినిపిస్తుంది. రౌటర్‌కి అప్‌డేట్లు ఎప్పుడో ఆగిపోయాయి. అందుకే కంపెనీ ఫర్మ్‌వేర్ (రౌటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) తీసేసి ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఓపెన్ సోర్స్ ఫర్మ్‌వేర్ ఎక్కిద్దామనుకుంటున్నా. బ్రాడ్‌కామ్, క్వాల్‌కామ్, మీడియాటెక్‌లలో ఏది నయం?

పాలమూరు_ప్యాకెట్:
బ్రాడ్‌కామ్ వద్దన్నా. స్పీడుకేం తక్కువ లేదు, వైఫై చిప్‌ని నడిపే డ్రైవర్ కోడ్‌తోనే పేచీ. అది బయటికి ఇవ్వరు కాబట్టి చాలా మోడళ్లలో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ఎక్కినా వైఫై రాదు, వచ్చినా అరకొరే. తమాషా ఏంటంటే, ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ కథ మొదలైందే బ్రాడ్‌కామ్ చిప్ ఉన్న లింక్‌సిస్ డబ్ల్యూఆర్‌టీ54జీ రౌటర్‌తో. 2003లో దాని సోర్స్ కోడ్ బయటికొచ్చింది, 2004లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ మొదలైంది. ఇప్పటికే బ్రాడ్‌కామ్ ఉన్నవాళ్లు ఫ్రెష్‌టొమాటో అనే ఇలాంటి ఇంకో ఫర్మ్‌వేర్ చూసుకోవచ్చు.

దేవరకొండ_రిపేర్:
నా ఓటు మీడియాటెక్‌కే. దాని ఎంటీ76 వైఫై డ్రైవర్, ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీకి గుండెకాయ అయిన లైనక్స్ కెర్నల్‌లోనే ఉంది. కానీ మిల్లన్నా, మీకు కావాల్సింది స్పీడు కాదు, ఎస్‌క్యూఎం, అంటే లైను నిండినప్పుడు ప్యాకెట్ల క్యూని సర్దే పద్ధతి. అప్‌లోడ్ లైను నిండిపోయినప్పుడు కాల్ ప్యాకెట్లు వెనక క్యూలో పడిగాపులు కాస్తున్నాయి, అదీ మీ బాధ. ఎస్‌క్యూఎం పెడితే ప్రతి ప్యాకెట్ సీపీయూ చేతుల మీదుగా పోవాలి, హార్డ్‌వేర్ ఆఫ్‌లోడ్ (సీపీయూని తప్పించి ప్యాకెట్లని దాటించే ఏర్పాటు) ఆపేయాలి. మీడియాటెక్‌లోనే పాత చిప్ ఎంటీ7621లో ఉన్నవి 880 మెగాహెర్ట్జ్ కోర్లు రెండే. ఆఫ్‌లోడ్‌తో గిగాబిట్ దాకా లాగినా, ఎస్‌క్యూఎంతో 200 దగ్గర ఆయాసపడొచ్చు. మీడియాటెక్ ఫిలాజిక్ 820 చిప్ ఉన్నది తీసుకోండి. 1.3 గిగాహెర్ట్జ్ ఏఆర్‌ఎం కోర్లు రెండుంటాయి. 2024లో వచ్చిన ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వన్ అనే రౌటర్‌లో ఉన్నదీ అదే చిప్.

గద్వాల_పాతసామాను:
ఇంటికి 50 ఎంబీపీఎస్ ప్లానే అయితే పాత అథెరోస్ (తర్వాత క్వాల్‌కామ్‌లో కలిసిన కంపెనీ) చిప్ చాలు తమ్ముడూ. దాని ఏటీహెచ్9కే వైఫై డ్రైవర్‌కి విడిగా ఫర్మ్‌వేర్ ఫైలే అక్కర్లేదు, అంతా ఓపెన్. వైఫై 4 దగ్గరే ఆగిపోయింది, అదొక్కటే లోటు. మా రాతిగోడల ఇంట్లో 5 గిగాహెర్ట్జ్ పక్క గదికే సరిగా రాదు, ఇక ఆ లోటు నాకెందుకు? 4 ఎంబీ ఫ్లాష్ మెమరీ, 32 ఎంబీ ర్యామ్ ఉన్నవి మాత్రం ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు. కొత్త వెర్షన్లు వాటిలో పట్టవు.

సూర్యాపేట_సిగ్నల్:
పేరు చూసి కొనకండి, అట్ట మీద వెర్షన్ చూడండి. టీపీ-లింక్ ఆర్చర్ సీ6 రౌటర్ వీ2లో క్వాల్‌కామ్, వీ3లో ఎంటీ7621. షాపులో అడిగితే "అన్నీ ఒకటే సార్" అంటారు. ఆన్‌లైన్‌లోనైతే ఏ వెర్షన్ వస్తుందో డబ్బా విప్పేదాకా తెలియదు. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ హార్డ్‌వేర్ పట్టికలో వెర్షన్‌తో సహా కనిపిస్తేనే డబ్బులు కట్టండి.

మిర్యాలగూడ_మిల్లు:
ఎస్‌క్యూఎంలో 200 అనే కొట్టాలా?

దేవరకొండ_రిపేర్:
వద్దన్నా. ముందు అది ఆపేసి స్పీడ్ టెస్ట్ చేయండి, వచ్చినదాంట్లో 90 శాతం దగ్గర పెట్టండి. సెట్టింగ్‌లో క్యూ పద్ధతి అన్నచోట 'కేక్' అనేది ఎంచుకోండి. అప్‌లోడ్ అంకె విడిగా చూసుకోవాలి, మీ తంటా అక్కడే. ఫ్లాష్ చేసేది (కొత్త ఫర్మ్‌వేర్ ఎక్కించేది) మిల్లు మోటార్లు ఆగాక, యూపీఎస్ మీద. మధ్యలో కరెంటు పోతే మళ్లీ టీఎఫ్‌టీపీతో (కంప్యూటర్ నుంచి కేబుల్ మీదుగా ఫైలు పంపి రౌటర్‌ని బతికించే పద్ధతి) కుస్తీ పట్టాలి.

పాలమూరు_ప్యాకెట్:
కంపెనీ పాత ఫర్మ్‌వేర్ ఫైలు కూడా ముందే దించి పెట్టుకోండన్నా, వారంటీకి పంపాల్సొస్తే కావాలి.